మొక్క దాచుకున్న విషం పశువుకు మేత కాదు

“మొక్కలకు మనసుంది, కోస్తే ఏడుస్తాయని శాస్త్రవేత్తలు తేల్చారు, రావిచెట్టు రాత్రంతా ప్రాణవాయువు ఇస్తుంది, మొక్కల రసాలు ప్రకృతి ప్రసాదం కనుక ఎవరికీ హాని చేయవు, లేత జొన్న మేపితే పాలు పెరుగుతాయి” అన్న వాట్సాప్ సందేశాన్ని మిత్రులు విడవకుండా పంపుతూనే ఉన్నారు. పంపుతున్నవారిలో ఇంట్లో పాడి ఉన్నవారు కూడా ఉండడం వల్ల జవాబు రాయక తప్పడం లేదు.

రావిచెట్టుకైనా ఆక్సిజన్ విడుదల చేయడానికి వెలుతురు కావాలి. ఆ ముక్కకు ఇంతకన్నా జవాబు అక్కరలేదు.

ఏడుపు సంగతిలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి. నీరందని టమాటా మొక్క గంటకు సగటున 35 సార్లు, మన చెవికి అందని స్థాయిలో, టిక్కుమనే శబ్దం చేస్తుందని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించారు. నీటిని మోసే నాళాల్లో గాలిబుడగలు ఏర్పడి పగలడమే దీనికి కారణం కావచ్చునని వారి అంచనా. మెదడూ నాడులూ లేని మొక్క చేసే ఆ చప్పుడును ఏడుపు అనడం ఆ పరిశోధనకే అన్యాయం.

అసలు ప్రమాదమంతా చివరి వాక్యంలో ఉంది. లేత జొన్న మేసిన గొడ్డుకు నాము పడుతుందని, అంటే విషమెక్కుతుందని, మన రైతులకు తరతరాలుగా తెలుసు. ఆ మొక్క ధుర్రిన్ అనే పదార్థాన్ని ఆకు పైపొర కణాల్లోనూ, దాన్ని విడగొట్టే ఎంజైమును లోపలి కణాల్లోనూ వేరువేరుగా దాచుకుంటుంది. పశువు నమలగానే ఆ రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. వాన ముఖం చాటేసి చేను వాడినప్పుడు, కోసిన మోళ్లకు మళ్లీ పిలకలు వచ్చినప్పుడు ఆ విషం మరీ ఎక్కువ. ఆకలి మీదున్న ఆవు అలాంటి చేలో పడితే కాసేపటికే రొప్పుతూ, నోట నురగతో, కాళ్లు తడబడి కూలిపోతుంది. నెత్తురులో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు కనుక ఆ నెత్తురు మొదట్లో మామూలుకన్నా ఎర్రగా కనబడుతుంది. సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్‌తో బతికించవచ్చు గానీ, పశువైద్యుడు వచ్చేదాకా ప్రాణం నిలవాలి కదా!

తనను మేయవచ్చిన నోటిని ఆపడానికి మొక్క సిద్ధం చేసుకున్న విషం ఆ నోటికే మేలు చేస్తుందని ఎలా నమ్మారు? మనిషికైనా మినహాయింపు లేదు: గన్నేరుపప్పు గుండె లయ తప్పిస్తుంది, ఉమ్మెత్త గింజ మతి చెడగొడుతుంది. అవీ ప్రకృతి ఇచ్చినవే.

ఈ సందేశాన్ని పంపినవారు దయచేసి అవే గ్రూపుల్లో మరొక్క మాట కూడా పంపండి: పూతకు రాని జొన్న చేలోకి, ముఖ్యంగా బెట్టకు వాడిన చేలోకి, పశువును తోలవద్దు, ఆ మేతే వేయవలసి వస్తే కోసి, బాగా ఎండబెట్టాకే వేయండి.