తాత ఫోనుకు వచ్చిన నా భవిష్యత్తు

ఇంటర్ పూర్తయిన పిల్ల ఇంట్లో ఉంటే వచ్చిన చుట్టాలు మంచినీళ్లు కూడా అడగరు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "తర్వాత ఏమిటి?" అంటారు. ఆ వేసవిలో పాలాయన అడిగాడు. కేబుల్ బిల్లుకు వచ్చినతను అడిగాడు. పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చి, తాను వెతుకుతున్న ఇల్లు మాది కాదని తెలుసుకుని వెనుదిరిగిన పెద్దమనిషి కూడా, గేటు దగ్గర ఆగి మరీ అడిగి వెళ్లాడు.

చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఎంపీసీలో వెయ్యికి 781 మార్కులు. అందులో పరువు నిలబెట్టింది సంస్కృతం, రెండేళ్లూ 98. ఆ భాషలో గ్లాసెడు మంచినీళ్లు అడగమంటే మాత్రం దాహంతో పోవలసిందే. జవాబులు సగం తెలుగులోనే రాశాను. ఇక ఎప్‌సెట్. మా నాన్న దృష్టిలో అది ఇప్పటికీ ఎంసెట్టే. 160 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఆ ధైర్యంతో ఒక్కటీ వదలకుండా అన్నిటికీ ఏదో ఒకటి నొక్కి వచ్చాను. ర్యాంకు 1,10,092. దానితో మంచి కాలేజీ గేటుదాకా కూడా వెళ్లలేను గాని, కవరు మీద పిన్‌కోడ్‌గా రాస్తే ఉత్తరం భేషుగ్గా తూర్పు ఢిల్లీకి చేరుతుంది.

సలహాలకు కొదవ లేదు. బాబాయి కంప్యూటర్లు అన్నాడు, మేనత్త టీచరు ట్రైనింగ్ అంది. అమ్మ ఏమీ అనలేదు. బెండకాయలు తరుగుతూ నిట్టూర్చేది, అంతే. సలహాలన్నీ ఒక ఎత్తు, ఆ నిట్టూర్పు ఒక ఎత్తు. నాకు ఏ పనీ చేతకాదన్న సంగతి ఆ రోజుల్లో నాకు తెలిసినంత బాగా మరే విషయమూ తెలియదు.

చివరికి డిగ్రీలో చేరమన్నారు. మా తెలంగాణలో డిగ్రీ సీట్లు దాదాపు అన్నీ దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారానే. మొదటి విడతకు ఆఖరి రోజు, పొద్దున పదికి మండల కేంద్రంలోని మీసేవకు వెళ్లాను. ఆ రోజు దాటితే రుసుము 200 కాస్తా 400 అవుతుంది. నా భవిష్యత్తు కంటే ఆ రెండు వందలే నాన్నను ఎక్కువ కలవరపెట్టాయి. కేంద్రం యజమాని ఏదో పెళ్లికి వెళ్లి మేనల్లుడిని కూర్చోబెట్టాడు. ఆ అబ్బాయి ఆధార్ సంఖ్య కొట్టి "ఓటీపీ చెప్పండి" అన్నాడు.

నా ఫోనుకు ఏమీ రాలేదు. నా ఆధార్‌కు జత చేసింది తాత నంబరు. చిన్నప్పుడు బడిలో ఆధార్ తీసినప్పుడు మా ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. సరే, తాతకు ఫోన్ చేద్దామంటే తాత తిరుమలలో ఉన్నాడు. ముందు రోజు సాయంత్రమే సర్వదర్శనం వరుసలోకి వెళ్లాడు. గుడిలోకి ఫోన్లు అనుమతించరు కనుక దాన్ని ముందే కౌంటరులో అప్పగించాడు. అంటే నా భవిష్యత్తు ఏడుకొండల మీద ఒక సంచిలో, స్విచాఫ్ అయి, టోకెను కట్టుకుని కూర్చుంది.

వేచి ఉండటం తప్ప చేసేదేముంది? గోడకు ఆనించి ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, తల వెనక్కి వాల్చి, గంటకోసారి "మళ్లీ పంపించు" అంటూ గడిపాను. పన్నెండు ప్రాంతంలో ఒక ముసలాయన ఆదాయ ధ్రువీకరణ దరఖాస్తు నా చేతికిచ్చి, "కొంచెం రాసి పెట్టు తల్లీ" అన్నాడు. రాశాను. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. మూడయ్యేసరికి నా ముందు వరుస ఉంది. మేనల్లుడు టీ తెప్పించి ఇచ్చి, వచ్చినవాళ్లతో "మేడమ్‌ను అడగండి" అనడం మొదలుపెట్టాడు.

దోస్త్ పిల్లలూ నా దగ్గరికే వచ్చారు. "అక్కా, ఏం పెట్టుకోమంటావు?" అనేవారు. నాకేం, పోయేది వాళ్ల జీవితం కదా! "పరీక్షకు అక్కర్లేకపోయినా నువ్వు చదివిన పాఠం ఏది?" అని అడిగేదాన్ని. బైపీసీ కుర్రాడు సిగ్గుపడుతూ సూక్ష్మజీవుల పాఠం అన్నాడు. మైక్రోబయాలజీ ఉన్న బీఎస్సీ చూపించాను. వాళ్ల నాన్న కిరాణా కొట్టు లెక్కలన్నీ తానే చూస్తానన్న అమ్మాయికి బీకాం. తన దారి తనకే తెలియని మనిషి పొద్దుగూకేలోపు పదకొండు మందిని దారిలో పెట్టింది. ఒకతని తల్లి నాకు జామకాయలు కూడా ఇచ్చింది.

రాత్రి ఎనిమిదిన్నరకు తాత ఫోన్ వచ్చింది.

"దర్శనం బ్రహ్మాండంగా అయింది బిడ్డా! నీ పేరు మీద కూడా దండం పెట్టాను."

"తాతా, మెసేజీ వచ్చిందా?"

"తొమ్మిది వచ్చాయి. ఏది కావాలి?"

పొద్దుటి నుంచి పంపినవన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. తాత అన్నిటికంటే పాతది చదివాడు. చెల్లలేదు. ఇంకోటి చదివాడు, అదీ చెల్లలేదు. మేనల్లుడు కొత్తది పంపించాడు.

"ఆరు... నాలుగు... గుండు..."

"మొక్కు సంగతి తర్వాత చెప్పు తాతా, అంకె చెప్పు!"

"అంకే చెబుతున్నాను! గుండు సున్నా!"

చెల్లింది. రుసుము కట్టాం. మేనల్లుడు కీబోర్డు మీద వేళ్లు పెట్టి నావైపు తిరిగాడు. "చెప్పండి మేడమ్, ఏ కోర్సు?"

నోరు పెగల్లేదు. పదకొండు మందికి గడగడా చెప్పిన నోరే. గోడ గడియారం తొమ్మిది దాటింది. కంగారుగా అతను, పొద్దుటి నుంచి విని విని కంఠతా వచ్చిన నా ప్రశ్నే నాకు అప్పజెప్పాడు: "పరీక్షకు అక్కర్లేకపోయినా మీరు చదివిన పాఠం ఏది?"

తమ్ముడి పదో తరగతి సాంఘికశాస్త్రం. ఇంటర్ రెండో సంవత్సరం మొదట్లో దానికి అట్ట వేయమని ఇచ్చాడు. అట్ట వేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చివరి పేజీదాకా చదివేశాను మరి. వాడు పుస్తకం పోయిందనుకుని బడిలో గోడకుర్చీ వేశాడు.

"బీఏ," అన్నాను. "చరిత్ర, రాజనీతిశాస్త్రం, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్." బయటికి అన్నాక అంత వింతగా ఏమీ వినిపించలేదు. ఇంటికి వెళ్లి చెబితే అమ్మ ఎలా నిట్టూరుస్తుందో ఊహించుకుంటూ ఆప్షన్లన్నీ పెట్టించాను.

మర్నాడు రసీదు తెచ్చుకోవడానికి వెళ్తే యజమాని వచ్చి ఉన్నాడు. జరిగిందంతా విని, మేనల్లుడి వైపు ఒక చూపు చూసి, నేను రోజంతా కూర్చున్న కుర్చీని పక్కకు జరిపాడు. వెనక గోడకు ఒక కాగితం అతికించి ఉంది. "ఆధార్‌కు ఫోను నంబరు జతకాని దోస్త్ విద్యార్థులకు ఇచ్చట వేలిముద్ర తీసుకొనబడును."

అక్షరాలు బాగా పెద్దవే. 'వేలిముద్ర' అన్న మాట మీద మాత్రం నా తలనూనె మరక గుండ్రంగా, నిన్నటిది, ఇంకా ఆరలేదు.