‘సీ’లో ఏమైనా ఉందా అన్నా?

నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల సందుల్లో ఏ కంప్యూటర్ రిపేరు షాపుకైనా వెళ్లండి. అప్‌డేట్ మధ్యలో చెడి ఆన్ కాని సిస్టమ్‌ను టేబుల్ మీద పెట్టగానే వినపడే మొదటి ప్రశ్న ఇదే: "సీ డ్రైవ్‌లో ఏమైనా ఉందా అన్నా?" సినిమాలూ ఫొటోలూ ‘డీ’లో ఉన్నాయన్న ధైర్యంతో మనం "ఏం లేదనుకుంటా" అంటాం. "అయితే ఫార్మాట్ కొట్టేస్తా, సాయంత్రం రాండి" అంటాడు షాపు కుర్రాడు. సీలో ఉన్నదంతా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించడమన్నమాట. నాడి పట్టి చూడకుండానే ఆపరేషన్ ఖరారైపోతుంది.

ఆ "ఏం లేదనుకుంటా" ఖరీదెంతో మర్నాడు తెలుస్తుంది. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా మామూలుగా సీలోనే ఉంటుంది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా అక్కడే. మనం పనిగట్టుకుని మార్చకపోతే ట్యాలీప్రైమ్ లెక్కలూ సీలోని పబ్లిక్ ఫోల్డర్‌లోనే కూర్చుంటాయి. పెళ్లికార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో బతికే వాళ్లున్నారు. ఫార్మాట్ తర్వాత అవన్నీ మళ్లీ ఎక్కించి, పాత కార్డులో అక్షరాలు సరిగ్గా తెరుచుకునేదాకా వాళ్లకు అన్నం సహించదు.

మొన్న కార్తీకంలో మా బావమరిదికి ఇదే జరిగింది. ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత డీలరు. రైతులకు అప్పు మీద మేత ఇచ్చి, పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటాడు. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్లారో, ఎంత కట్టారో అంతా ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాని బ్యాటరీ చచ్చి ఏడాదైంది. చార్జర్ పీకితే నిమిషం కూడా నిలవదు. ఒక బుధవారం పొద్దున అప్‌డేట్ 35 శాతం దగ్గర తిరుగుతుండగా వానకు కరెంటు పోయింది. వచ్చాక నల్ల తెర, దాని మీద తిరిగే చుక్కలు, అంతకుమించి ఏమీ లేదు. "బావా, మొత్తం పోయింది" అని ఫోన్.

బుధవారం అనే మాట ఊరికే అనలేదు. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి తన నెలవారీ అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 అంటే మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో. మర్నాడు షాపు తెరిచి సిస్టమ్ ఆన్ చేసేసరికి అది తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. పైగా నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు. ఇంట్లో ఫ్యాను తిప్పే ఇన్వర్టర్ ఉంటుంది కానీ కంప్యూటర్ కింది యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు.

పోయింది ఏమిటన్నది చూద్దాం. విండోస్ నడుస్తున్నప్పుడు తన ఫైళ్లు చాలావాటిని తనే మార్చుకోలేదు, అవి వాడుకలో ఉంటాయి. అందుకే కొత్తవాటిని ముందే దించి పక్కన పేర్చుకుని, రీస్టార్ట్ అయ్యే ఆ కాసేపట్లో మార్పిడి చేస్తుంది. పాతవాటిని వెంటనే పారేయదు. పని మధ్యలో చెడితే వెనక్కి పోవడానికి ఉంచుకుంటుంది. చేసిన మార్పులు రద్దు చేస్తున్నామని ఒక్కోసారి తెర మీద వచ్చేది ఆ వెనకడుగే. ఈ తంతులో మేత బస్తాల లెక్కకు, పిల్లల ఫొటోలకు సంబంధమే లేదు. వాటి జోలికి అప్‌డేట్ పోదు.

పోదు అన్నాను గానీ, ఒకసారి పోయింది. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 కొంతమంది డాక్యుమెంట్లనే తుడిచేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, నవంబరులో సరిచేసి మళ్లీ వదిలారు. అదొక్కటి పక్కన పెడితే, అప్‌డేట్ చెడిపోయిన సిస్టమ్‌లో డేటా దాదాపు ఎప్పుడూ క్షేమంగానే ఉంటుంది. "అప్‌డేట్ వల్ల డేటా పోయింది" అని మనం చెప్పుకునే కథల్లో చాలావాటిలో డేటా పోయింది షాపులో, ఫార్మాట్ దగ్గర.

ఆన్ అయ్యే దశలో వరసగా రెండు మూడుసార్లు ఆగిపోతే విండోస్ తనంతట తానే రిపేరు తెర చూపిస్తుంది. చూపించకపోతే, లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం రెండు మూడుసార్లు చేస్తే అక్కడికి చేరుతుంది. (తెర మీద శాతం కదలకపోయినా డిస్కు లైటు మిణుకుతుంటే మాత్రం ముట్టుకోవద్దు. పాత హార్డ్ డిస్కు అయితే రెండు మూడు గంటలైనా ఓపిక పట్టాలి.) ఆ తెరలో చివరి నెలవారీ అప్‌డేట్‌ను తీసేసే దారి ఉంది. పెద్ద వెర్షన్ మారి ఉంటే 10 రోజుల్లోపు పాతదానికి తిరిగి వెళ్లే వీలుంది. విండోస్‌ను వెనకటి తేదీ స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్ కూడా ఉంది కానీ మన దగ్గర చాలా సిస్టమ్‌లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, దాన్ని నమ్ముకోలేం.

ఇవేవీ పనిచేయకపోయినా ఫైళ్లు తీసుకోవచ్చు. ఆ రిపేరు తెరలోనే కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) తెరిచి నోట్‌ప్యాడ్ అని కొడితే మామూలు నోట్‌ప్యాడే వస్తుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, అన్ని ఫైళ్లూ చూపించమంటే మీ ఫోల్డర్లన్నీ కనపడతాయి. రైట్ క్లిక్‌తో కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయడమే. ఉత్తరం రాసుకునే నోట్‌ప్యాడ్ ఇలా దొడ్డిదారి అవుతుందని ఎవరనుకుంటారు? ముందు డేటా బయటికి తీయాలి, తర్వాతే రిపేరు. ఈ వరస తప్పకపోతే ఆ తర్వాత ఫార్మాట్ కొట్టినా నాకేం అభ్యంతరం లేదు.

ఫార్మాట్ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. పాత హార్డ్ డిస్కుల కాలంలో అది అంత ప్రమాదం కాదు. క్విక్ ఫార్మాట్ కొట్టినా లోపలి సరుకు అక్కడే ఉండేది, విషయసూచిక మాత్రమే చెరిగేది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగమైనా లాగేవాళ్లు. ఇప్పుడు తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద నడిచే ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. ఖాళీ అయిన చోటును ఎస్‌ఎస్‌డీ తనంతట తానే తుడిచేసుకుంటుంది. ఫార్మాట్ తర్వాత వెతకడానికి సాధారణంగా ఏమీ మిగలదు. డిస్కు మారింది, చేతి అలవాటు మారలేదు.

దానికి తోడు తాళం. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేని రాతగా మారిపోతుంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరిన్ని మెషిన్లకు పాకింది. రోజూ వాడుతున్నప్పుడు ఆ తాళం ఉందనే తెలియదు. అప్‌డేట్ చెడి రిపేరుకు దిగినప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించినా అదే ప్రశ్న. దొంగ ఎత్తుకుపోతే డేటా చూడకూడదని పెట్టిన తాళం అది, మంచిదే. కానీ తాళం వేసినట్టు ఇంటాయనకు చెప్పకపోతే ఏమవుతుంది?

మా బావమరిది తెర మీద వచ్చింది ఆ నీలం ప్రశ్నే. "మీ మెయిల్ ఐడీ చెప్పండన్నా, కీ దాంట్లో ఉంటుంది" అన్నాడు షాపు కుర్రాడు. ఆ మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి చూస్తే ఏమీ లేదు. ఎందుకంటే 2022లో ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఖాతా తెరిచింది మా వాడు కాదు, అమ్మిన చోట కుర్రాడు. కస్టమర్‌కు పాస్‌వర్డ్ గుర్తుండదని, గొడవ లేకుండా ఉంటుందని, తన సొంత మెయిల్‌తోనే కానిచ్చేశాడు. అంటే ఒక వ్యాపారి అప్పుల ఖాతా మొత్తానికి తాళంచెవి, ముక్కూమొహం గుర్తులేని ఒక ఉద్యోగి ఖాతాలో ఉంది. ఈ పద్ధతి ఒక్క షాపుదే అనుకోవద్దు, మన ఊళ్లలో ఇది మామూలు సాయం కింద లెక్క. నా దృష్టిలో ఫార్మాట్ కన్నా పెద్ద ప్రమాదం ఇదే. కీ లేకపోతే నోట్‌ప్యాడ్ దొడ్డిదారి కూడా మూసుకుపోతుంది, అప్పుడు నిజంగానే ఫార్మాట్ తప్ప గతి లేదు.

మైక్రోసాఫ్ట్ తప్పులేమీ తక్కువ కాదు. 2024 జులై అప్‌డేట్ తర్వాత, ఏ తప్పూ జరగకుండానే కొన్ని మెషిన్లు ఆ నీలం తెర చూపించాయి. 2025 అక్టోబరు అప్‌డేట్ వల్ల ఏకంగా రిపేరు తెరలోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. నిప్పు ఆర్పే నీళ్ల కుండీకి మూత బిగుసుకుపోయినట్టు. సరిచేసే అప్‌డేట్ అక్టోబరు 20న వచ్చింది. ఈలోపు పనికొచ్చింది పాత గుండ్రటి పిన్ను కీబోర్డు. రిపేరు షాపుల అటకల మీద దుమ్ము పట్టి ఉంటాయే, అవి.

అయితే ఎంత పెద్ద తప్పయినా చికిత్స చిన్నదే కావచ్చని 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. అది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మెషిన్లు పడకేశాయి. మన విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. విరుగుడు మాత్రం సేఫ్ మోడ్‌లోకి (విండోస్ అత్యవసర భాగాలతోనే నడిచే పద్ధతి) వెళ్లి ఒకే ఒక్క ఫైలు తీసేయడం. చాలాచోట్ల ఆలస్యమైంది ఆ ఫైలు తీయడానికి కాదు, ఒక్కో మెషిన్‌కు ఆ 48 అంకెలు వెతకడానికి. ఆ దెబ్బ తర్వాతే, పడిపోయిన విండోస్ నెట్ ద్వారా తానే మందు తెచ్చుకునే క్విక్ మెషిన్ రికవరీ ఏర్పాటు 2025లో విండోస్ 11కు వచ్చింది.

"ఈ లెక్కన అప్‌డేట్లు ఆపేస్తే పోలా బావా?" అన్నాడు మా వాడు. ఫార్మాట్ కొట్టాక అప్‌డేట్ సర్వీసు ఆపేసి ఇవ్వడం కొన్ని షాపుల్లో ఉచిత సేవ కూడా. ఆపితే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2017 మేలో ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, నమోదు చేసుకున్న ఇళ్లకు ఇంకో ఏడాది ఇచ్చారంతే. పాత డెస్క్‌టాప్‌లకు అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తున్నారు. అలాంటి మెషిన్లకు రేపటి అప్‌డేట్ల గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అక్కడ బ్యాకప్ లేకుండా కూర్చోవడం పెన్నలో వరదొచ్చినప్పుడు గట్టు మీద పడుకోవడమే.

షాపుల వాళ్లనే తప్పు పట్టడం న్యాయం కాదు. ఫార్మాట్ కొడితే గంట పని, ఐదారు వందలు, ఎవరూ ప్రశ్నించరు. అదే అప్‌డేట్ తీసేసి, డేటా కాపాడి, అరపూట కూర్చుంటే "నాలుగు బటన్లు నొక్కావు, దానికి ఇంతా?" అంటాం. డాక్టరు పరీక్ష చేస్తే ఫీజిస్తాం, ఇక్కడ మాత్రం కోత కోస్తేనే ఇస్తాం. మనం ఇచ్చే డబ్బే వాళ్లకు ఫార్మాట్ నేర్పింది.

ఆ రోజు రిపేరు షాపు కుర్రాడు ఫోన్ మీద ఫోన్ చేసి, 2022లో అమ్మిన వాడిని పట్టుకున్నాడు. ఇప్పుడు చెన్నైలో ఉన్నాడట. పుణ్యానికి ఆ మెయిల్ ఇంకా వాడుతున్నాడు. కీ అతని ఖాతాలో ఉంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివి చెబుతుంటే మా వాడు బస్తాల రసీదు వెనక రాసుకున్నాడు. ఒక గుంపులో అంకె తప్పు కొడితే మెషిన్ అక్కడే ఆపింది. ప్రతి గుంపూ 11తో భాగించబడేలా ఉంటుంది కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది. ముందు లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి లాగి, తర్వాత అప్‌డేట్ తీసేశారు. మూడో రీస్టార్ట్‌కు పాత తెర వచ్చింది. అప్పటికి రెండున్నర గంటలైంది. నేను 500 చేతిలో పెడితే ఆ కుర్రాడు 200 ఉంచుకుని మిగతావి తిరిగిచ్చాడు.

"ఫార్మాట్ కొట్టలేదు గదన్నా."