వదినలు మళ్ళీ పాడుతున్నారు, కాస్త పట్టించుకోండి

దేశంలో ఇన్ని సమస్యలుండగా ఇదొక సమస్యా అంటారేమో, మీ ఇంటిదాకా ఇంకా రాలేదు కాబట్టి అంటారు. చిన్నప్పుడు గురువు ముందు కూర్చుని పద్ధతిగా సంగీతం నేర్చుకుని, పెళ్ళయ్యాక ముప్పై ఏళ్ళు బుద్ధిగా నోరు మూసుకున్న ఆడవాళ్ళు, పిల్లలు సెటిలై ఉద్యోగం రిటైరయ్యాక ఉన్నట్టుండి మళ్ళీ కచేరీలు మొదలెడుతున్నారు. మా వదిన మొదలెట్టింది. మొన్న వాళ్ళ వియ్యపురాలు కూడా ఫోన్ చేసి ఏ శ్రుతిలో సాధన చెయ్యమంటావు వదినగారూ అని అడిగిందట, అంటే ఇది అంటుకుంటోంది కూడాను.

అసలు మనం ఆడపిల్లకి సంగీతం ఎందుకు చెప్పిస్తాం అన్నదాంట్లో ఎవరికీ ఏ కన్ఫ్యూజనూ లేదు. మా వదిన పుట్టింది విజయనగరంలో, మహారాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, తర్వాత్తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు చేశారు. అలాంటి చోట నాలుగేళ్ళ సర్టిఫికెట్టు, రెండేళ్ళ డిప్లొమా, మాయామాళవగౌళలో సరళీస్వరాలతో మొదలుపెట్టి జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణం రెండు కాలాల్లో, ఆ పైన కృతులు, రాగం, స్వరకల్పన, ఇదంతా పూర్తి చేసి పెళ్ళిచూపుల్లో చాప మీద కూర్చుని ఒక కృతి ఎత్తుకుంది. పల్లవి అయ్యి అనుపల్లవిలోకి వెళ్ళిందో లేదో, మా అమ్మ "చాల్లేమ్మా, బాగా పాడావు, బజ్జీలు చల్లారిపోతున్నాయి" అంది. అంతే, డిప్లొమా పని అయిపోయింది. చరణం దాకా ఎవడైనా పెళ్ళిచూపుల్లో పాట విన్నాడంటే నాకు చెప్పండి, వాడికి పిల్ల నచ్చలేదని అర్థం, టైమ్‌పాస్ చేస్తున్నాడు.

ఆ తర్వాత కూడా మేమేం కట్టడి చెయ్యలేదు, అది గమనించాలి. వ్రతానికి మంగళహారతి పాడమన్నాం, శ్రీమంతానికి పాడమన్నాం, బొమ్మల కొలువుకి పాడమన్నాం, పేరంటాల్లో అయితే చీరల ధరలు మాట్లాడుకుంటూ కూడా "ఏదీ ఒక పాటందుకో" అని అడిగేవాళ్ళు, మాటలు ఆపకుండానే. ఇంకేం కావాలండీ ఒక ఆర్టిస్టుకి?

ఇప్పుడు ఏమైందంటే తెల్లారి నాలుగున్నరకి లేచి ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని మంద్రస్థాయి సాధన, అంటే బాగా కింది స్వరాల్లో. మా అన్నయ్య డికాషన్ తనే వేసుకుంటున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఫిల్టర్‌లో పొడి కింద గిన్నెలో వెయ్యాలో పై గిన్నెలో వెయ్యాలో తెలీక యూట్యూబ్ చూశాడు. దీన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు, ఏ సాంస్కృతిక శాఖ తీసుకుంటుంది?

నేనూ ఊరుకోలేదు, వెళ్ళి మాట్లాడా. వదినా, ఈ వయసులో ఇది అవసరమా, నీ గొంతు ఇదివరకట్లా లేదు కదా అన్నా. ఫీలవుతుందనుకున్నా. "లేదయ్యా, అప్పుడు ఐదున్నర శ్రుతి, ఇప్పుడు నాలుగు. నెలసరి ఆగాక స్వరతంతువులు కాస్త మందం అవుతాయి, గొంతు శ్రుతి కిందకి దిగుతుంది, దిగితే దిగింది, మంద్రంలో ఇదివరకు అందని స్వరాలు ఇప్పుడు హాయిగా నిలబడుతున్నాయి" అంది. మరి ఊపిరో అంటే, ఒక్క దమ్ములో పాడే చోట రెండు దమ్ముల్లో పాడతా, ఒకే పంక్తిని ఆరు రకాలుగా తిప్పి ఆరు సంగతులు వేసే చోట మూడే వేస్తా, ఆ మూడూ శుభ్రంగా వేస్తా అంది. ముప్పై ఏళ్ళ కింద ఎవరో విప్పి పక్కన పెట్టిన మిషను మళ్ళీ బిగిస్తున్నదాన్లా ఎంత మామూలుగా మాట్లాడిందంటే నాకు ఇబ్బందిగా అనిపించి కాఫీ తాగకుండానే వచ్చేశా. అంటే ఇవ్వలేదు కూడా.

మగాళ్ళు పాడట్లేదా అని కొందరు వాదనకొస్తారు. పాడతారు, అది వేరు. కర్ణాటక విద్వాంసులు శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్‌గారు తొంభై దాటినా పాడారు, మన బాలమురళిగారు ఎనిమిదేళ్ళప్పుడు మొదలెట్టి ఎనభైల్లో కూడా పాడారు, అది విద్వత్తు. మగాడి గొంతు వణికితే పండింది అంటాం, ఆడదాని గొంతు వణికితే పోయింది అంటాం, ఇందులో వివక్ష ఎక్కడుంది, రెండూ వేర్వేరు క్రియలు కదా. ఇక రిటైరైన మగాళ్ళ కరోకే సంగతి. హైదరాబాద్‌లో ఏ సాయంత్రం ఏ చిన్న హాల్లోకి తొంగి చూసినా జీవితంలో ఒక్క సరళీస్వరం కూడా పాడని మాజీ ఇంజినీర్లూ మాజీ మేనేజర్లూ ట్రాక్ పెట్టుకుని ఘంటసాల గారి పాటల్ని వాయిస్తుంటారు, పాడుతుంటారు అనలేక ఆ మాట వాడా, పల్లవికీ చరణానికీ మధ్య ట్రాక్ ఒకచోటుంటే వీళ్ళొకచోటుంటారు. వాళ్ళనెవరూ ఈ వయసులో అవసరమా అని అడగరు. శాలువా కప్పుతారు. నాకు మూడు శాలువాలున్నాయి.

పద్ధతి ప్రకారం చూసినా వదినకి చోటు లేదు, ఇది నా మాట కాదు. కేంద్ర సంగీత నాటక అకాడమీ 2006 నుంచి బిస్మిల్లా ఖాన్ పేరు మీద యువ పురస్కారం ఇస్తోంది, 40 ఏళ్ళ వరకే. 2023లో అమృత్ అవార్డులని ఒక్కసారికి 84 మందికిచ్చారు, 75 దాటి అప్పటిదాకా ఏ జాతీయ గౌరవమూ దక్కనివాళ్ళకి. 40కి ముందు యువ, 75 తర్వాత అమృతం, మధ్యలో ముప్పై ఐదేళ్ళు దోసెలు పొయ్యడానికి. ఇంత స్పష్టంగా ప్లాన్ చేసి పెడితే ఈవిడ సరిగ్గా ఆ మధ్యలో లేచి కూర్చుంది. కచేరీలు పెట్టించే ఒక సంగీత సభకి ఫోన్ చేస్తే సెక్రటరీగారు కూడా పాపం మర్యాదగానే చెప్పారట, "యువ కళాకారుల స్లాట్‌కి మీ వయసు ఎక్కువ, సీనియర్ల స్లాట్‌కి మీ అనుభవం తక్కువ, హాలు అద్దె మీరు పెట్టుకుంటే శాలువా మేం పెట్టుకుంటాం" అని. వదిన పెట్టుకుంది. తన పెన్షన్ డబ్బులతో. వయొలిన్‌కీ మృదంగానికీ కూడా తనే ఇచ్చింది, కవరు మా అన్నయ్య చేత ఇప్పించింది.

ఇంత దూరం రావడానికి అసలు బాధ్యులెవరని నేను చాలా ఆలోచించా, వందేళ్ళ కిందటి గాయని బెంగళూరు నాగరత్నమ్మగారే. తమిళనాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర ఏటా జరిగే ఆరాధన మగవిద్వాంసులు వాళ్ళలో వాళ్ళు రెండు ముఠాలుగా పోట్లాడుకుంటూ ఎంతో చక్కగా నడుపుకుంటున్నారా, ఆడవాళ్ళని పాడనివ్వకుండా, ఈవిడ నలభై దాటిన వయసులో సొంత సొమ్ముతో సమాధి చుట్టూ స్థలం కొని గుడి కట్టించింది. కట్టించి, తను కట్టించిన గుడి దగ్గరే నన్ను పాడొద్దంటారా అని ఆడవాళ్ళని వెంటేసుకుని వేరే ఆరాధన పెట్టింది. చివరికి 1940 ప్రాంతంలో అందరూ కలిసిపోవాల్సొచ్చింది. ఇప్పుడు ఆ ఆరాధన రోజు, పుష్య బహుళ పంచమి, వస్తే మన ఊళ్ళల్లో త్యాగరాజస్వామి ఐదు ఘనరాగ పంచరత్న కృతుల గోష్ఠిగానంలో సగానికి పైగా ఆడవాళ్ళే, నాట నుంచి శ్రీరాగం దాకా పుస్తకం చూడకుండా పాడేస్తారు. వాటిలో వరాళి రాగం గురువు శిష్యులకి నేరుగా చెప్పకూడదంటారే, అది కూడా ఎలాగో వినేసి నేర్చేసుకున్నారు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదనుకోకండి. మా వదిన కూతురు న్యూజెర్సీలో ఉంటుంది, రెండో కాన్పు, అమ్మా ఆరు నెలలుండేలా రా అంది. ఏ తల్లైనా పచ్చళ్ళు కట్టుకుని బయల్దేరుతుంది. ఈవిడ, "క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన ఈస్టర్ టైమ్‌లో ఉంటుంది కదే, మీకు అక్కడికి ఎంత దూరం" అని అడిగింది. 1978 నుంచి జరుగుతోందట అది. ఏడెనిమిది గంటల డ్రైవ్ అమ్మా, పసిపిల్లతో ఎలా అని పిల్ల నాకు ఫోన్ చేసి ఏడుపు. ఏం చెప్పను? అల్లుడు తీసుకెళ్తానన్నాడని తర్వాత తెలిసింది, వాడొక్కడూ చెడిపోలేదనుకున్నా ఇన్నాళ్ళూ.

అందుకని నేనొక అర్జీ రాశా. సంగీతం డిప్లొమా సర్టిఫికెట్ మీద, ఆడవాళ్ళవాటి మీద మాత్రమే, ఎక్స్‌పైరీ డేటు వెయ్యాలి, మూడుముళ్ళు పడ్డ ముహూర్తం నుంచి అది మంగళహారతులకి మాత్రమే చెల్లుతుందని వెనకాల చిన్న అక్షరాల్లో రాయాలి. ఎవరైనా మళ్ళీ సాధన మొదలెట్టాలంటే భర్తకి ఇడ్లీ పిండి రుబ్బుకోవడం దాకా వచ్చని ఒక గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరించాలి. మొదటి సంతకం అన్నయ్యతో పెట్టిద్దామని ఆదివారం పొద్దున్నే వెళ్ళా. తలుపు తాళం. ఫోన్ చేస్తే వెనకాల ఏదో హాల్లో శ్రుతి వినిపిస్తోంది, "ఇప్పుడు కుదర్దురా, మృదంగం కుర్రాడికి టిఫిన్ పట్టుకొచ్చా, పైగా మిశ్రచాపు తాళం వేస్తున్నా, మాట్లాడితే తప్పిపోతోంది, మీ వదిన అరుస్తుంది" అని పెట్టేశాడు.