టెంట్ సఫారీ అంటే చావుతో చెలగాటమా?

"ఆఫ్రికా సఫారీలో టెంట్లో పడుకోవడం చావుతో చెలగాటమే. చుట్టూ కంచె ఉండదు, గైడ్ దగ్గర తుపాకీ ఉండదు, శాకాహారులకు పస్తులే, మలేరియా ఖాయం, డబ్బూ దండగ" అంటూ ఒక మెసేజ్ చేతులు మారుతోంది. అది చదివి పెద్దవాళ్ళ ప్రయాణం మాన్పించేవాళ్ళున్నారు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

కంచె లేదన్నది నిజమే. టాంజానియాలోని సెరెంగెటిలో, సెరొనెరా క్యాంపుల్లో రాత్రిళ్ళు హైనాలు టెంట్ల మధ్యే తిరుగుతాయి. సింహాల అరుపులూ వినిపిస్తాయి. కానీ అక్కడి వంటశాలకు, భోజనాల గదికి ఇనప జాలీ బిగించి ఉంటుంది. మనుషులు పడుకునే చోట లేని జాలీ అక్కడెందుకు? జంతువుల్ని రప్పించేది తిండి వాసన కాబట్టి. జిప్పు మూసిన టెంట్ జోలికి సింహం సాధారణంగా రాదు. అదే టెంట్లో బిస్కెట్ ప్యాకెట్టో పచ్చడి సీసానో దాచుకుంటే కోరి పిలిచినట్టే. అందుకే గైడ్ మొదటి సాయంత్రమే గట్టిగా చెప్తాడు: తినేవేవీ లోపల వద్దు, జిప్పు పూర్తిగా మూయాలి, రాత్రి బయటికి రావాల్సొస్తే ముందు టార్చి వేసి, చీకట్లో కళ్ళు మెరుస్తున్నాయేమో చూడాలి.

ప్రమాదమే లేదని నేననను. 2000లో బోట్స్వానాలోని మొరెమీ అభయారణ్యంలో, టెంట్లో నిద్రపోతున్న 11 ఏళ్ళ బాబును హైనా చంపింది. పిల్లల్ని వేరే టెంట్లో ఒంటరిగా పడుకోబెట్టొద్దు. ఆ మెసేజ్‌లో రాయాల్సిన జాగ్రత్త ఇది. అదే రాయలేదు.

తుపాకీ సంగతీ అంతే. జీపు నడిపే గైడ్ దగ్గర మామూలుగా ఉండదు. సెరెంగెటిలో కాలినడక సఫారీకైతే ఆయుధంతో రేంజర్ వెంట వస్తాడు.

ఇక పస్తుల మాట శుద్ధ అబద్ధం. గైడుతో వెళ్ళే క్యాంపింగ్‌లో మామూలుగా వంటమనిషీ వెంట వస్తాడు. తూర్పు ఆఫ్రికాలో చపాతీ ఇళ్ళలో చేసుకునే వంటే. కెన్యాలో 'న్దెంగు' అని వండేది మన పెసలే. అన్నం, చిక్కుడు గింజల కూర, ఆకుకూరల వేపుడు అన్నీ దొరుకుతాయి. ఉల్లి, వెల్లుల్లి తినకపోతే బుక్ చేసేటప్పుడే చెప్పండి. అడవిలోకి వెళ్ళాక చెప్తే వంటమనిషి మాత్రం ఏం చేస్తాడు?

మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. లాడ్జి వరండాలో కూర్చున్నా కుడుతుంది. డాక్టర్ రాసిన మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్ళు వాడాలి. ఎల్లో ఫీవర్ టీకా మలేరియాకు పనిచేయదు, అది వేరే జబ్బు. కానీ కెన్యా వెళ్ళొచ్చేవాళ్ళకు ఆ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు తప్పనిసరి. లేకపోతే ఇండియాలో దిగాక 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

చివరిగా డబ్బు. టెంట్‌కి అంత రేటేమిటని అడుగుతారు. అందులో పెద్ద వాటా పార్కు ఫీజులది, జీపుది. టాంజానియాలోనే ఉన్న న్గోరొంగోరో అనే పాత అగ్నిపర్వత బిలంలోకి జంతువుల్ని చూడ్డానికి దిగే బండికే, పన్నుతో కలిపి, దాదాపు 295 డాలర్లు కట్టాలి. మనుషుల టికెట్లు వేరే. ఆరుగురు కలిసి వెళ్తే బండి ఖర్చు ఆరు వాటాలవుతుంది. ఇద్దరే వెళ్తే టెంట్లో పడుకున్నా మీరనుకున్నంత తగ్గదు.