మలావీలో చెరువులు తవ్వింది చాలు, ముందు చేపపిల్ల సంగతి చూడండి

ఆఫ్రికా పల్లెల్లో ఇన్ని చెరువులు తవ్వించాం, ఇంతమంది రైతులకి ఉచితంగా చేపపిల్లలిచ్చాం అని రిపోర్టులు చదివినప్పుడల్లా ఒకటే అడగాలనిపిస్తుంది, ప్రాజెక్టు వాళ్ళు వెళ్ళిపోయాక మూడో ఏడు ఆ చెరువులోకి పిల్ల ఎక్కణ్ణుంచి వస్తుంది, మేత ఎవరు కొంటారు?

మలావీనే చూడండి. దేశంలో దాదాపు ఐదో వంతు సరస్సే. వాళ్ళు ప్రాణంలా చూసుకునే చాంబో చేప (తిలాపియా, అంటే మన జిలేబీ చేప జాతిదే) 1980ల నుంచి దారుణంగా తగ్గిపోయింది, జనాభా ఏమో పెరిగిపోతోంది, అందుకే అందరూ చెరువుల మీద పడ్డారు. తప్పు లేదు. కానీ అక్కడ రైతు చెరువంటే మన కైకలూరు చెరువు కాదండీ, 200 చదరపు మీటర్లు, అంటే ఐదు సెంట్లు! అందులో మకుంబా, చిలుంగుని అనే నాటు తిలాపియాలు వేస్తారు, అవి నెలల్లోనే పిల్లలు పెట్టేసి చెరువంతా చిన్న చేపలతో నిండిపోతుంది, ఏదీ ఎదగదు. మళ్ళీ వేద్దామంటే పక్కింటి చెరువులో పిల్లలే దిక్కు, అదే రక్తం మళ్ళీ మళ్ళీ కలిసి చేప నాసిగా తయారవుతుంది. జోంబా పట్నం దగ్గర దొమాసిలో జాతీయ ఆక్వా కేంద్రం ఉంది గానీ ఎక్కడో మారుమూల రైతు అక్కణ్ణుంచి బతికున్న పిల్లని ఎలా తెచ్చుకుంటాడు చెప్పండి.

ఇక మేత. మదేయా అని మొక్కజొన్న తవుడు వేస్తారు. కోతలకి ముందు ఆకలి నెలల్లో ఆ తవుడు మనుషులే తింటారు. 2024 మార్చిలో కరువుకి 28 జిల్లాల్లో 23 జిల్లాలని విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. అలాంటి ఇంట్లో చేపకి తవుడు వెయ్యమ్మా అని ఏ నోటితో చెప్తాం?

బయటి జాతి అయిన నైలు తిలాపియా తెచ్చుకుంటే గబగబా పెరుగుతుంది కదా అంటారు కొందరు. వద్దు. జాంబియా, జింబాబ్వేల మధ్య ఉన్న కరీబా సరస్సులో పెంపకం నుంచి తప్పించుకున్న నైలు తిలాపియా వల్ల అక్కడి నాటు తిలాపియా అంతరించిపోయే స్థితికొచ్చింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని చేపజాతులు వందల్లో ఉన్న సరస్సు మలావీది, అందుకే బయటి చేపల్ని రానివ్వకూడదన్న వాళ్ళ రూలు నూటికి నూరుపాళ్ళు కరెక్టు. అయితే ఆ రూలు భారం పేద రైతు మీద వదిలెయ్యకూడదు, నాటు చేపలోనే బాగా ఎదిగే రకాన్ని తరతరాలుగా ఎంచి తయారుచేసే పనికి డబ్బు పెట్టాలి. అది పదేళ్ళ పని, ఫోటోకి పనికిరాదు, అందుకే దాతలకి నచ్చదు, నాకు కోపం వచ్చేదే అక్కడ.

మనోళ్ళు కూడా భీమవరం మోడల్ అక్కడ పెట్టెయ్యాలంటారు. భీమవరం వెనకాల హేచరీలు (చేపపిల్లల్ని పుట్టించే కేంద్రాలు), మేత ఫ్యాక్టరీలు, ఐస్ ప్లాంట్లు, రాత్రికి రాత్రి బయల్దేరే లారీలు ఉన్నాయి, చెరువొక్కటే పట్టుకెళితే ఏమొస్తుంది. వాళ్ళకి దగ్గరగా ఉండేది మన బాపట్ల మత్స్య శాస్త్రవేత్త విజయ్ గుప్తా గారి దారి. బంగ్లాదేశ్‌లో పేద ఆడవాళ్ళ చేత ఇంటి పక్క గుంటల్లో, ఇంట్లో దొరికే వాటితోనే చేపలు పెంచేలా చేసి 2005లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ తెచ్చుకున్నారాయన.

మలావీలోనూ పల్లపు నేలల్లో కూరగాయల మడుల పక్కన చెరువు పెట్టిన రైతులున్నారు. ఎండాకాలం ఆ నీళ్ళే మడికి, అడుగు బురదే ఎరువు, చేప వస్తే కూరకి, మిగిలితే సంతకి. సాయం చేసేవాళ్ళు ఇలాంటి రైతు దగ్గర మొదలుపెట్టాలి. కొత్త చెరువులకి పెట్టే డబ్బులో సగం జిల్లాకో చిన్న హేచరీకి, ఆ పిల్లని ఊళ్ళకి చేర్చే బండికి, చెరువు చూడ్డానికి వెళ్ళే ఫీల్డ్ మనిషి పెట్రోలుకి ఇవ్వండి, అదీ కనీసం పదేళ్ళు ఆపకుండా.