నైట్ గార్డు గారూ, డ్యూటీలో నిద్రా?

అయ్యా నైట్ గార్డు గారూ,

రాత్రిళ్ళు నా పళ్ళకి తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగు గారూ, బాత్రూమ్ అరలో నీలం డబ్బాలో హాయిగా పడుకున్న మీకు నమస్తే. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నయం, గేటు దగ్గర కుర్చీలో పడుకుంటాడు, మీరు ఏకంగా నా నోట్లోనే పడుకున్నారు.

సంక్రాంతికి మూడో సకినం కొరికానో లేదో కుడి చెవి ముందు టక్‌మంది, నోరు సగంలో ఆగిపోయింది. మా అత్తమ్మ చెవిపోటే అని వెల్లుల్లి నూనె కాచి పోసింది. చెవి డాక్టరేమో లోపల లైటేసి చూసి, చెవి శుభ్రంగా ఉందమ్మా అని, చెవి ముందు వేలు పెట్టి నోరు తెరువు అన్నాడు, మళ్ళీ టక్, ఇది దవడ కీలు గొడవ అని తేల్చేశాడు. నిలువుగా మూడు వేళ్ళు పట్టాల్సిన నోట్లో నాకు రెండే పట్టాయి.

అప్పుడు మీ ఎంట్రీ. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని, మీ కొలత తీయడానికి డెంటిస్టు ట్రేలో గులాబీ ముద్ద వేసి పళ్ళకి అదిమారు, అది గొంతులోకి జారుతుంటే "ముక్కుతో గాలి పీల్చండి మేడం" అంటారు, సరే పీల్చాను, ఎనిమిది వేలు కూడా కట్టాను. మిమ్మల్ని పెట్టుకుని మా ఆయనకి గుడ్‌నైట్ చెప్తే "గుల్లైత్" అని వచ్చేది. ఇంతా చేస్తే రాత్రిళ్ళు నేను పళ్ళు కొరకడం మానలేదు, పళ్ళ బదులు మిమ్మల్ని కొరికాను, మీ ఒంటి మీది గాట్లే సాక్ష్యం. పళ్ళు అరగకుండా కాపలా వరకే మీ డ్యూటీ అంట, దొంగని పట్టుకోరు, దొంగ నేనే కాబట్టి.

ఇంకో క్లినిక్‌లో అయితే "పళ్ళు సరిగ్గా కలవట్లేదు, కొంచెం అరగదీసి క్లిప్పులేద్దాం" అన్నారు. అరగదీసిన పన్ను మళ్ళీ మొలుస్తుందా అండీ? లేచొచ్చేశా. దవడ కండరంలోకి బొటాక్స్, కీలులోకి సూదులు దింపి బైక్ సర్వీసింగ్‌లా కడగడం, చివరాఖరికి కీలు మార్చడం, ఇవన్నీ ఉన్నాయి, నిజంగా అవసరమైన వాళ్ళకి మంచివే, కానీ మొదటి వారమే ఎందుకు చెప్పండి. 1980ల్లో అమెరికాలో ఈ కీళ్ళలో టెఫ్లాన్ ముక్కలు పెట్టారు, మన దోసె పెనానికి ఉండే టెఫ్లానే, అవి లోపల చిట్లిపోయి పక్క ఎముకని తినేస్తే వెనక్కి తెప్పించాల్సొచ్చింది.

నన్ను నిలబెట్టింది మాత్రం ఫిజియో అమ్మాయి. వేడి టవల్ కాపడం, కొన్నాళ్ళు పెరుగన్నం ఇడ్లీలు, నాలుక అంగిలికి ఆనించి మెల్లగా నోరు తెరవడం, "పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు" అని రోజుకి వందసార్లు గుర్తు చేసుకోవడం. మానిటర్ మీద "పళ్ళు" అని చీటీ అంటించా, మేనేజర్ స్క్రీన్ షేర్ చేసిన ప్రతిసారీ నా దవడ బిగుసుకుంటోందని అప్పుడే తెలిసింది. పక్క సీటామె కొత్త ప్రాజెక్ట్ పేరా అని అడిగింది.

టక్ ఇంకా ఉంది, నొప్పి లేదు. నొప్పి లేని చప్పుడుకి వైద్యం అక్కర్లేదన్నారు, వదిలేశా.

మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసెయ్యట్లేదు లెండి, అప్రైజల్ నెలలో మళ్ళీ పిలుస్తా. డబ్బా మూత తీసి పెట్టా, ఈలోపు కాస్త ఆరండి.

ఇట్లు,
రెండు వేళ్ళ నుంచి రెండున్నరకి ప్రమోషనొచ్చిన మీ ఓనరు