జనరల్ షెర్మన్ చెట్టు ముందున్న కంచె గారిపై ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ కంచె గారి సముఖమునకు,

కాలిఫోర్నియాలోని సెకోయా జాతీయ వనంలో, పట్టుమని నడుము ఎత్తు కూడా లేని దేహంతో అడ్డంగా నిలబడి, నావంటి ప్రకృతి ప్రేమికులను జనరల్ షెర్మన్ అనే మహావృక్షం దగ్గరకు పోనివ్వకుండా ఆపుతున్న తమరిపై, తమరికే ఈ ఫిర్యాదు రాసుకుంటున్నాను.

కారు నిలిపిన చోటి నుంచి అర మైలు దూరం మెట్లూ వాలూ దిగి వచ్చినవాణ్ణి నేను. ఎదురుగా 84 మీటర్ల ఎత్తు, మొదట్లో 11 మీటర్ల అడ్డుకొలత, 2,000 ఏళ్లు పైబడిన వయసు గల చెట్టు. కాండం ఘనపరిమాణం లెక్కన ప్రపంచంలో దీన్ని మించినది లేదు. అటువంటి దాన్ని వాటేసుకుని ఒక్క ఫొటో దిగాలనుకోవడం నేరమా? నా చేతులు దాని చుట్టుకొలతలో ఏ మూలకూ చాలవని నాకూ తెలుసు. ఆ సంగతి ఫొటోలో కనిపించకుండా నిలబడే నేర్పు మాకుంది.

మా ప్రేమ చరిత్ర తమరికి తెలిసినట్టు లేదు. 1852లో కలవెరాస్ వనంలో ఇటువంటి చెట్టు ఒకటి కనబడితే, మరుసటి ఏడే మావాళ్లు ముచ్చటపడి, రంపాలకు లొంగకపోతే బరమాలతో తూట్లు పొడిచి, మూడు వారాలు శ్రమించి పడగొట్టి, మిగిలిన మొద్దును నున్నగా చేసి దానిపై నాట్యం చేశారు. 1864లో లింకన్ సంతకంతో రక్షణ పొందిన మారిపోసా వనంలోనే, రక్షణ మొదలైన పదిహేడేళ్లకు, వవోనా చెట్టు కాండంలో బండి పట్టేంత సొరంగం తొలిచారు. అది 1969లో మంచు బరువుకు కూలేదాకా జనం అందులోంచి వెళ్తూనే ఉన్నారు. 1891లో మరొక దాన్ని నరికి, అడ్డుకోతలను న్యూయార్క్, లండన్ మ్యూజియంలకు పంపారు. అంత పెద్ద చెట్టు ఉందని లోకాన్ని నమ్మించడానికి ఆ చెట్టునే లేకుండా చేసిన ఘనత మాది.

తమరు కాపురముంటున్న జెయింట్ ఫారెస్ట్‌లోనే చెట్ల వేళ్ల మీద బసలూ అంగళ్లూ కట్టుకుని హాయిగా ఉన్నవాళ్లం. చివరికి 280కి పైగా కట్టడాలను తొలగించి చెట్లకు ఊపిరాడేలా చేశారు. కంచే చేను మేసిందని మాకొక సామెత ఉంది. ఇక్కడ చేను చూడవచ్చినవాళ్లు మేయగా, కంచె బుద్ధిగా కాపలా కాస్తోంది. సామెతకు ఇంతకన్నా అపచారం ఉంటుందా?

తమరి తరఫు వాదన కూడా విన్నాను. సెకోయా అనే ఈ జాతి చెట్టుకు ఎదిగాక తల్లివేరు ఉండదట. పైపైనే వేళ్లు వంద అడుగులకు పైగా పక్కకు పాకుతాయట. జనం తొక్కితే మట్టి గట్టిపడి వాటికి నీరూ గాలీ అందవట. కానీ నేనొక్కణ్ణి, అదీ డెబ్బై కిలోలవాణ్ణి, తొక్కితే ఏమవుతుంది? నా వెనక వరుసలో నిలబడ్డ వందమందీ ఇదే మాట అంటున్నారు.

పోనీ, తమరి కాపలా అంత గట్టిదా? అరవై సెంటీమీటర్ల దాకా మందముండే బెరడుతో నిప్పును తట్టుకుని, ఆ వేడికే కాయలు విచ్చి గింజలు రాల్చుకునే జాతి ఇది. మేమేమో చిన్న మంటనైనా రానివ్వకుండా దశాబ్దాల పాటు ఆర్పుతూ, అడుగున ఎండు పుల్లా పుడకా పేరనిచ్చాం. దానికి కరవూ ఎండా తోడయ్యాక, 2020 నాటి ఒక్క కార్చిచ్చు సియెర్రా కొండల్లోని పెద్ద సెకోయాల్లో పదోవంతుకు తక్కువ కాకుండా పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు మంటలు ఇటు వస్తుంటే జనరల్ షెర్మన్ మొదలుకు వెండి రంగు రేకు దుప్పటి చుట్టారు. అప్పుడు తమరేం చేశారని అడుగుదామనుకున్నాను గానీ, తమరూ కర్రే కదా అని ఊరుకున్నాను.

పక్షపాతం మాత్రం సహించలేను. నేను చూస్తుండగానే ఒక ఉడుత తమరి కింది కర్ర కిందనుంచి దూరి లోపలికి వెళ్లింది. కోడిగుడ్డంత పచ్చి కాయను రెండు చేతులా పట్టుకుని, పొలుసులు గీరుకు తింటూ, సన్నటి గింజలను చెట్టు వేళ్ల మీద రాల్చింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. నేను తమరి మీదుగా ఎడమ కాలు అటు పెట్టి, ఫొటో కోసం ఒకటి నుంచి మూడు లెక్కపెట్టేలోగా, ఐదేళ్ల పిల్ల ఒకతె వేలు చూపి వాళ్ల అమ్మతో ఏదో చెప్పింది. కాలు వెనక్కి తీసుకున్నాను. ఫొటోలో చెట్టు రాలేదు, నా కాలూ తమరూ వచ్చారు.

తిరిగి ఎక్కేటప్పుడు, దాదాపు 7,000 అడుగుల ఎత్తున, ఊపిరి అందక దారి పక్కనున్న తమరి చుట్టాన్నే పట్టుకుని కాసేపు నిలబడవలసి వచ్చింది. పైకర్ర అంతకుముందు ఆగినవారి చేతుల రాపిడికి నున్నగా మెరుస్తోంది.

ఇట్లు,
తమరికి ఇవతలి వైపువాడు